శనివారం పదికి ఒకరు వెళ్తారు, నాలుగుకి ఇంకొకరు వస్తారు

ఇంగ్లండ్‌లో డెవన్‌లోనో, యార్క్‌షైర్ డేల్స్‌లోనో, లేక్ డిస్ట్రిక్ట్‌లోనో రాతి గోడల పాత ఇంటిని వారం రోజులకు అద్దెకు తీసుకునేవాళ్లకు ముందే రెండు టైములు చెబుతారు. ఉదయం పదికల్లా ఖాళీ చెయ్యాలి, సాయంత్రం నాలుగు దాటాకే రావాలి. "ఇల్లు ఖాళీగానే ఉంటుందిగా, రెండింటికి వస్తే ఏమైంది?" అని చాలామంది అడుగుతారు. ఆ ఆరు గంటల్లో ఏం జరుగుతుందో, ఏం జరగడానికి వీల్లేదో తెలిస్తే ఈ వ్యాపారం లోగుట్టు చాలావరకు తెలిసినట్టే. ఆరు గంటల్లో పట్టే పని కొంతే. పట్టని పనిని మిగతా ఆరు రోజుల్లో ఎక్కడ సర్దాలన్న దాని మీదే కాటేజీల బతుకు ఆధారపడి ఉంటుంది.

ఒక లెక్క పెట్టుకుందాం. పొలం ముంగిట్లో మూడు కాటేజీలు. ఒకప్పుడు పశువుల కొట్టాలు, ధాన్యపు గాదెలు. వ్యవసాయం ఒక్కదానితో గడవక ఇంగ్లండ్ రైతులు ఇలాంటివాటిని వేలల్లో ఇళ్లుగా మార్చుకున్నారు. రెండింటిలో నలుగురేసి, మూడోదాంట్లో ఆరుగురు, మొత్తం పద్నాలుగు మంది పడుకుంటారు. నలుగురి కాటేజీని ఇద్దరు మనుషులు శుభ్రం చేసి సర్దడానికి రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. ఆరుగురిదానికి ఇంకాస్త ఎక్కువ. మూడూ కలిపితే ఒక్క మనిషికి పద్దెనిమిది గంటల పైమాటే. మూడున్నరకల్లా ముగించాలంటే ముగ్గురు చాలరు, నలుగురు కావాలి. ఇంగ్లండ్ పల్లెల్లో శనివారం పూట నలుగురు దొరకడం ఎంత కష్టమో అక్కడ ఉండేవాళ్లకే తెలుసు. చుట్టుపక్కల కాటేజీలన్నిటికీ అదే రోజు మార్పిడి మరి. అందుకే మూడింట్లో ఒకదాన్ని శుక్రవారానికో సోమవారానికో జరుపుతుంటారు. అది తెలివైన పని. ఒక మధ్యాహ్నం మీద పడే బరువు రెండు మూడు రోజులకు పంచుకుపోతుంది.

గదిలో అడుగు పెట్టగానే కిటికీలు తీయాలి, వెంటనే మంచాల మీది దుప్పట్లు ఊడదీయాలి. వంటిల్లు తర్వాత. పరుపు రక్షణ కవరుకు మరక పడిందా, పరుపుకే అంటిందా అన్నది పదింబావుకు తెలిస్తే మార్చడానికి టైముంటుంది, మూడింటికి తెలిస్తే ఏమీ చెయ్యలేం. తర్వాత డిష్‌వాషర్ ఆన్ చెయ్యాలి. అతిథులు కడిగి పెట్టిన గిన్నెల్లోనూ ఒకటో రెండో జిడ్డుగా ఉంటాయి. స్నానాల గదిలో సున్నపు పొరను కరిగించే ద్రావణం చల్లి, అది పనిచేసే పది నిమిషాల్లో మంచాలు వేసుకోవాలి. కాట్స్‌వోల్డ్స్ కొండలది సున్నపురాయి నేల కాబట్టి అక్కడి నీళ్లు కఠినం. షవర్ చిల్లులు, కెటిల్ అడుగు వారంలోనే తెల్లబడతాయి, సిట్రిక్ ఆమ్లం లేనిదే పని జరగదు. లేక్ డిస్ట్రిక్ట్ నీళ్లు మెత్తన, ఆ బాధ అక్కడ దాదాపు లేదు. దుమ్ము పై నుంచి కిందికి దులపాలి, నేల ఊడ్చడం చివర్న. ఆ తర్వాత ఒకరు ప్రతి లైటూ వేసి, ప్రతి కుళాయీ తిప్పి, పొయ్యి మీది నాలుగు బర్నర్లూ వెలిగించి చూడాలి. శుభ్రం చేసినవాళ్లు కాకుండా వేరొకరు చూస్తేనే లోపాలు కంటపడతాయి.

బట్టల సంగతికి వస్తే, పెద్ద మంచానికి పరుపు దుప్పటి, డువే (మెత్తటి రజాయి) కవరు, నాలుగు దిండు గలీబులు కలిపి రెండున్నర కిలోలు తూగుతాయి. స్నానపు తువ్వాలు ఒక్కటే అర కిలో. చేతి తువ్వాళ్లు, కాలి పట్టాలు, వంటింటి గుడ్డలు కూడా కలుపుకుంటే నలుగురి కాటేజీకి ఎనిమిది తొమ్మిది కిలోలు, మూడింటికీ సుమారు ముప్ఫై కిలోలు. ఎనిమిది కిలోల ఇంటి మెషీన్లో అరవై డిగ్రీల దగ్గర ఒక విడత ఉతకడానికి రెండు గంటలు. నాలుగు విడతలంటే ఎనిమిది గంటలు, ఆరబెట్టడం దానికి అదనం. ఆరు గంటల్లో ఇది జరిగే పని కాదు. అందుకే మంచానికి మూడు సెట్లు పెట్టుకుంటారు. ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి అలమరలో. శనివారం కేవలం మార్పిడి, ఉతుకు ఆదివారం నుంచి బుధవారం దాకా సాగుతుంది.

అన్నీ తెల్లవే ఎందుకంటే ఒక గలీబు పాడైతే దాన్ని మాత్రమే మార్చుకోవచ్చు, వేడి నీళ్లలో వేసినా రంగు పోదు. కానీ తెలుపుకు ఒక శత్రువు ఉంది. సన్‌స్క్రీన్‌లో ఉండే అవోబెంజోన్ అనే పదార్థం నీళ్లలోని ఇనుముతో కలిసి తుప్పు రంగు మరక వేస్తుంది. చూడగానే బ్లీచు పోయాలనిపిస్తుంది. పోస్తే మరక ఇంకా ముదురుతుంది. సిట్రిక్ లేదా ఆక్సాలిక్ ఆమ్లంతో చేసిన తుప్పు మరకల మందు వాడాలి, అదీ ఆరబెట్టే వేడి తగలకముందే. మేకప్ తుడుచుకోవడానికి ముదురు రంగు చిన్న గుడ్డ ఒకటి స్నానాల గదిలో పెడితే ఎన్నో తెల్ల తువ్వాళ్లు బతుకుతాయి. తువ్వాళ్లకు ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వద్దు, అది నూలు మీద పొరలా పట్టి నీళ్లు పీల్చనివ్వదు.

మంచాల్లో బాగా పనికొచ్చేది రెండు సింగిళ్లను జిప్పుతో కలిపి ఒకటి చేసే రకం. 90 సెంటీమీటర్ల పరుపులు రెండు కలిస్తే 180 సెంటీమీటర్ల సూపర్ కింగ్ అవుతుంది. ఈ వారం దంపతులు, వచ్చే వారం ఇద్దరు పిల్లలు, మంచం ఒకటే. అయితే ఏది కావాలో గురువారంలోపు అడిగి తెలుసుకోవాలి. శనివారం నాలుగింటికి ఆ మార్పు చెయ్యడం అంటే పరుచుకున్నదంతా మళ్లీ విప్పడమే.

ఈ ఆరు గంటలతో అసలు ఇమడని వస్తువు ఒకటుంది, హాట్ టబ్, అంటే వేడినీళ్లలో కూర్చునే పెద్ద తొట్టి. అద్దెకిచ్చే కాటేజీల్లో అతిథులు మారిన ప్రతిసారీ దాన్ని ఖాళీ చేసి, తోమి, కొత్త నీళ్లు నింపాలని బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ మార్గదర్శకం. ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియొనెల్లా అనే సూక్ష్మజీవికి గోరువెచ్చని నీళ్లంటే ప్రాణం. టబ్‌లో 1,200 లీటర్లు పడతాయనుకుందాం. కుళాయి నీళ్లు 10 డిగ్రీలు, కావాల్సింది 38. ఆ 28 డిగ్రీలు ఎక్కించడానికి దాదాపు 39 యూనిట్ల కరెంటు కావాలి. మామూలు ప్లగ్గుకు తగిలించిన 3 కిలోవాట్ల హీటరయితే పదమూడు గంటలు! మధ్యాహ్నం ఒంటిగంటకు నింపితే తెల్లవారుజామున రెండింటికి వెచ్చబడుతుంది. శనివారం రాత్రి టబ్ చల్లగా ఉందని వచ్చే ఫిర్యాదులన్నీ ఈ లెక్కలోంచి పుట్టినవే. పరిష్కారాలు రెండు. ఎక్కువ కరెంటు లాగే వేరే లైను వేసి పెద్ద హీటరు పెట్టుకోవడం, లేదా ఇంటి బాయిలర్ నుంచి వేడి నీళ్లతో నింపడం. రెండూ చేతకాకపోతే 'ఆదివారం ఉదయం నుంచి' అని ప్రకటనలోనే రాయడం నిజాయితీ.

ఇంట్లో స్నానాల నీళ్లకూ ఇదే సూత్రం. 210 లీటర్ల వేడినీళ్ల సిలిండర్‌ను 10 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి 3 కిలోవాట్ల ఇమ్మర్షన్ హీటరుకు నాలుగు గంటలు పడుతుంది. అతిథులు వెళ్లాక కరెంటు పొదుపని కట్టేసి మూడింటికి వేస్తే, కారులో ఐదు గంటలు కూర్చుని వచ్చిన కుటుంబం చన్నీళ్ల కింద నిలబడుతుంది. పైగా పొదుపు పేరుతో సిలిండర్‌ను 45 డిగ్రీల దగ్గర ఉంచకూడదు. లెజియొనెల్లా పెరిగేది 20 నుంచి 45 మధ్యే. సిలిండర్లో 60 ఉండాలి, వేడి కుళాయి తిప్పిన నిమిషంలోపు 50 రావాలి. ఆ వేడికి చర్మం కాలుతుంది కాబట్టి స్నానాల తొట్టి దగ్గర చన్నీళ్లు కలిపే వాల్వు బిగిస్తారు.

ఇక నేల కింద ఉన్నది. పట్నంలో వాడిన నీళ్లు ఎటు పోతాయో ఎవరూ ఆలోచించరు. పల్లె కాటేజీల్లో చాలావాటికి మురుగు కాల్వే ఉండదు, సెప్టిక్ ట్యాంకే దిక్కు. ఇంగ్లండ్‌లో భవన నిబంధనల ప్రకారం నలుగురికి 2,700 లీటర్ల ట్యాంకు, ఆపైన మనిషికి 180 లీటర్ల చొప్పున కలపాలి. మన పద్నాలుగు మందికి 4,500 లీటర్లు. అంతవరకు బాగానే ఉంది. కానీ పర్మిట్ లేకుండా నేలలోకి ఇంకించడానికి రోజుకు 2,000 లీటర్లే హద్దు. తలకు 150 లీటర్ల లెక్కన పద్నాలుగు మందికి 2,100 అవుతుంది. ఆ వంద లీటర్ల తేడాతో వ్యవహారం ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ (ప్రభుత్వ పర్యావరణ సంస్థ) పర్మిట్ దాకా వెళ్తుంది. మూడో కాటేజీలో సోఫా బెడ్ వేసి ఇద్దరిని పెంచుదాం అనుకునేవాళ్లు మంచం కొనే ముందు ఈ లెక్క చూసుకోవాలి. సెప్టిక్ ట్యాంకు నీటిని నేరుగా వాగులోకో చెరువులోకో వదలడానికీ వీల్లేదు. నేలలో పాతిన చిల్లుల పైపుల గుండా ఇంకించాలి, లేదా శుద్ధి చేసే ప్లాంటు పెట్టుకోవాలి.

ట్యాంకు ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎందుకు చెడుతుందో తెలుస్తుంది. లోపల మూడు పొరలుంటాయి. పైన జిడ్డు తెట్టు, అడుగున బురద, నడుమ కాస్త తేటనీరు. ఆ తేటనీరే పైపుల్లోకి పోవాలి. పొరలు విడివడాలంటే నీళ్లు నిలకడగా ఉండాలి. శనివారం నాడే మూడు కాటేజీల బట్టలూ ఉతికి, స్నానాల గదులు కడిగి, ఒక్కసారిగా వెయ్యి లీటర్లు వదిలితే అడుగు బురద కదిలి పైపుల్లోకి కొట్టుకుపోతుంది. నేలలోని సన్న రంధ్రాలు పూడిపోతాయి. ట్యాంకు నిండితే బండి పిలిచి తోడించవచ్చు, ఇంకుడు నేల పూడితే మొత్తం తవ్వి కొత్తగా వేయాల్సిందే. ఉతుకును వారమంతా పరచడానికి ఇది రెండో కారణం, మొదటిదానికంటే పెద్దది. మిగతా శత్రువులు అందరికీ తెలిసినవే. తుడుచుకునే తడి వైప్స్, వాటి మీద 'ఫ్లష్ చేయవచ్చు' అని రాసి ఉన్నా సరే. చల్లబడి గడ్డకట్టే వంటనూనె. లోపలి సూక్ష్మజీవులను చంపేసే బ్లీచు. ఏడాదికోసారి తోడించడం తప్పదు, వేసవి రద్దీకి ముందే అయితే మేలు.

తాగే నీళ్లు కూడా సొంత బోరువైతే ఇంకో బాధ్యత. అద్దెకిచ్చే ఇల్లు కాబట్టి ఏడాదికి కనీసం ఒకసారి నీటి పరీక్ష, ఐదేళ్లకోసారి స్థానిక కౌన్సిల్ చేసే ప్రమాద అంచనా ఉంటాయి. సాధారణంగా రెండు వడపోతలు, వాటి తర్వాత అతినీలలోహిత దీపం. ఇక్కడ జనం పొరబడేది దీపం విషయంలో. అది వెలుగుతూనే ఉంటుంది, క్రిములను చంపే కిరణం మాత్రం ఏడాదికి నీరసిస్తుంది. వెలుగుతోంది కదా అని వదిలేయకూడదు, తేదీ రాసుకుని మార్చాలి. దాని చుట్టూ ఉండే క్వార్ట్జ్ గొట్టాన్నీ తుడవాలి. పెద్ద వానల తర్వాత నీళ్లు మసకబారితే కిరణం వాటిని దాటలేదు. అప్పుడు కాచిన నీళ్లో, సీసా నీళ్లో ఇవ్వాలి.

గ్యాసు పైపు రాని ఊళ్లలో ఇల్లు వేడెక్కేది కిరోసిన్‌తో. ట్యాంకు వెయ్యి లీటర్లో అంతకు మించో ఉంటుంది, బండి సాధారణంగా 500 లీటర్లకు తక్కువ తేదు. నూనె పూర్తిగా అయిపోయే దాకా ఆగితే రెండు నష్టాలు. అడుగు మడ్డి బర్నరులోకి పోతుంది, పైపులో గాలి చేరుతుంది. నూనె పోసినా గాలి తీసేదాకా బాయిలర్ వెలగదు. మెకానిక్ వచ్చేది సోమవారమే. ట్యాంకులో మూడో వంతు ఉండగానే చెప్పాలన్నది మంచి నియమం, డిసెంబర్‌లో సగం ఉండగానే.

కట్టెల పొయ్యి అతిథులకు ముచ్చట, నడిపేవాళ్లకు కత్తి మీద సాము. కట్టెలో తేమ 20 శాతం మించకూడదు. 2021 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో రెండు ఘనపు మీటర్లకు తక్కువగా పచ్చి కట్టె అమ్మడమే నిషేధం. పచ్చిది మండితే వేడి రాదు, పొగగొట్టంలో తారు పేరుకుని ఏదో ఒకరోజు అంటుకుంటుంది. ఏడాదికోసారైనా గొట్టం ఊడ్పించాలి. రెల్లు కప్పు ఇళ్లకైతే ఇది ప్రాణాల సంగతి. బూడిదను ఇనుప డబ్బాలోనే పోసి ఇంటికి దూరంగా పెట్టమని రాసిపెట్టాలి. నిప్పు ఆరిపోయిందనుకున్న బూడిదను ప్లాస్టిక్ చెత్తబుట్టలో పోయడం వల్ల కాలిన ఇళ్లున్నాయి.

2023 అక్టోబర్ 1 నుంచి ఎంత చిన్న కాటేజీకైనా అగ్ని ప్రమాద అంచనాను కాగితం మీద రాసి ఉంచాలి. ఒకదానికొకటి కలిసి మోగే అలారాలు, లోపలి నుంచి తాళంచెవి లేకుండా తిరిగే గొళ్లెం, పొయ్యి ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం, గ్యాసుంటే ఏటా పరీక్ష. వంటింట్లో మాత్రం పొగ అలారం పెట్టకూడదు. అక్కడ వేడికి మోగేది పెట్టాలి. లేకపోతే రొట్టె మాడినప్పుడల్లా మోగి, మూడోసారికి ఎవరో బ్యాటరీ తీసేస్తారు. నిజంగా మంట వచ్చిన రాత్రి అది మోగదు.

లండన్, రెడింగ్, స్లౌ వైపు నుంచి రెండు మూడు తెలుగు కుటుంబాలు కలిసి సెలవుల్లో ఇలాంటి ఇళ్లకు వెళ్లడం ఇప్పుడు మామూలే. వాళ్లకు పనికొచ్చే మాటలు కొన్ని. వంటిల్లు, హాలు ఒకటిగా ఉన్న చోట ఎండుమిర్చి పోపు ఘాటుకు హాలులోని పొగ అలారం తప్పక మోగుతుంది. నూనె కాగకముందే పొగ లాగే ఫ్యానూ కిటికీ తెరవాలి. చాలా చోట్ల ఇండక్షన్ పొయ్యిలే. అడుక్కి అయస్కాంతం అంటని అల్యూమినియం కుక్కర్ దాని మీద వేడెక్కదు, బయలుదేరే ముందే ఇంట్లో పరీక్షించుకోవాలి. వేపుడు నూనె సింకులో పోయకుండా సీసాలో పట్టి ఉంచితే పైన చెప్పిన ట్యాంకు బతుకుతుంది. ఆరుగురికి బుక్ చేసి పిల్లలతో కలిపి తొమ్మిది మంది దిగడం మాత్రం చెయ్యకూడని పని. ఆ సంఖ్య యజమాని పిసినారితనం కొద్దీ పెట్టింది కాదు. అగ్ని ప్రమాద అంచనా, ఇన్సూరెన్సు, నేల కింది ట్యాంకు మూడూ దాని మీదే నిలబడి ఉంటాయి.

డబ్బు లెక్కల్లో గందరగోళం ఎక్కువ, కారణం రోజుల సంఖ్యలు. ఇల్లు కౌన్సిల్ ట్యాక్స్ (స్థానిక ఇంటి పన్ను) నుంచి వ్యాపార పన్ను వైపు వెళ్లాలంటే ఇంగ్లండ్‌లో 2023 ఏప్రిల్ నుంచి ఏడాదికి 140 రాత్రులు అద్దెకు సిద్ధంగా ఉండాలి, 70 రాత్రులు నిజంగా అద్దెకు పోవాలి. పక్కనే వేల్స్‌లో అదే సంఖ్యలు 252, 182. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న రెండు కాటేజీల భవితవ్యం ఇక్కడే తేలుతుంది. ఇంగ్లండ్‌లో 70 దాటి, రేటబుల్ విలువ (పన్ను కోసం కట్టే ఏడాది అద్దె విలువ) 12,000 పౌండ్లలోపు ఉన్న ఒకే ఆస్తి అయితే చిన్న వ్యాపారాల మినహాయింపుతో కట్టాల్సింది సున్నా. దాటకపోతే కౌన్సిల్ ట్యాక్స్, దాని మీద రెండో ఇంటికి 2025 ఏప్రిల్ నుంచి కౌన్సిల్ వేయగల నూరు శాతం అదనం. ఈ రెంటితో సంబంధం లేనిది ఆదాయపు పన్ను. అందులో కాటేజీలకు ఉన్న ప్రత్యేక హోదాకు 210, 105 రోజుల నియమాలుండేవి. 2025 ఏప్రిల్‌లో ఆ హోదానే రద్దయింది. అప్పు వడ్డీని ఇదివరకులా పూర్తిగా ఖర్చుగా చూపడం కుదరదు, 20 శాతం మేరకే ఊరట. పాత పుస్తకాల్లో 105 అని చదివి ఇంకా దాన్నే లెక్కపెట్టేవాళ్లున్నారు.

వ్యాట్‌తో రైతులు దెబ్బతింటారు. ఇంటిని ఏడాదికి అద్దెకిస్తే వ్యాట్ లేదు, సెలవులకు ఇస్తే 20 శాతం. పన్నెండు నెలల అమ్మకాలు 90,000 పౌండ్లు దాటితేనే నమోదు తప్పనిసరి, నిజమే. కానీ నమోదు ఇంటికి కాదు, మనిషికి. పాలో గొర్రెలో అమ్ముతూ అప్పటికే నమోదైన రైతు, అదే పేరు మీద కాటేజీ నడిపితే మొదటి వారం అద్దె నుంచే వ్యాట్ కట్టాలి. అతిథి ఇచ్చిన 1,200 పౌండ్లలో 200 అలా పోతాయి. బుకింగ్ ఏజెన్సీ తన కమీషన్ పట్టుకుని మిగిలింది ఇచ్చినా, వ్యాట్ లెక్క మాత్రం పూర్తి 1,200 మీదే.

నవంబర్ నుంచి మార్చి దాకా, క్రిస్మస్, ఫిబ్రవరి సెలవులు తప్పిస్తే, ఇళ్లు ఖాళీ. చూసేవాళ్లకు విశ్రాంతి కాలం, పాత ఇంటికి మాత్రం గడ్డుకాలం. ఈ రాతి గోడలను కట్టింది సున్నంతో, మన డంగు సున్నం లాంటిదే. గోడ తేమను పీల్చి బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూసినా, గాలి చొరకుండా కిటికీలు బిగించినా తేమ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. అందుకే అలమరా తలుపులు తెరిచి, పరుపులు గోడకు అంటకుండా జరిపి, వేడిని పూర్తిగా కట్టేయకుండా 8, 10 డిగ్రీల దగ్గర ఉంచాలి. పైపులు గడ్డకట్టకుండా కాపాడేదీ అదే. వారానికోసారి ప్రతి కుళాయీ షవరూ కొన్ని నిమిషాలు వదలాలి, కదలని నీళ్లలోనే లెజియొనెల్లా చేరుతుంది కాబట్టి. మంచు బాగా కురిసే చోటైతే బయటి కుళాయిలను లోపల కట్టేసి ఖాళీ చెయ్యాలి.

మళ్లీ మొదటి అతిథులు వచ్చే వారం గురువారమే బాయిలర్‌ను మామూలు వేడికి పెంచాలి. అరమీటరు మందం రాయి గాలితోపాటు వేడెక్కదు. శనివారం పొద్దున వేస్తే థర్మామీటరు 20 చూపిస్తుంది, గోడ పక్కన కూర్చున్నవాళ్లకు చలి పుడుతూనే ఉంటుంది. రెండు రోజుల ముందు వేస్తే నాలుగింటికి లోపలికి వచ్చి గోడకు చెయ్యి ఆనించినవాళ్లకు చల్లదనం తెలియదు.